కోలారు మట్టిలో బండి నేర్పుతున్నారు, మన పిల్లల్ని పంపుదామా?



కోలారు అంటే మనకు బంగారు గనులు, టమాటా మండీ, వీధి వీధినా వినిపించే మన తెలుగు. అక్కడే సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ ఉంది. మన మీటింగుల్లో దాని మాట ఒక్కసారీ రాలేదు.

సంతోష్ బెంగళూరు మనిషి. మోటోక్రాస్‌తో మొదలుపెట్టి ఎడారి ర్యాలీలదాకా వెళ్ళారు. 2015లో అర్జెంటీనా, చిలీ, బొలీవియాల మీదుగా రెండు వారాలు సాగిన డాకర్ ర్యాలీని 36వ స్థానంలో ముగించారు. దాన్ని పూర్తి చేసిన మొదటి భారతీయుడు ఆయనే. 2021లో సౌదీలో అదే ర్యాలీలో పడ్డారు. తలకు దెబ్బ తగిలి, డాక్టర్లు కొన్నాళ్ళు కోమాలో ఉంచాల్సి వచ్చింది.

"అందుకే వద్దంటాం" అంటారు పెద్దలు. మేమూ పిల్లలున్నవాళ్ళమే, ఆ భయం మాకూ ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళు నిండగానే మార్కులకు బహుమతిగా రెండొందల సీసీ బండి కొనిస్తున్నది ఎవరు? మనమే కదా! దాన్ని నడపడం వాడికి ఎవరు నేర్పారు? పక్కింటి కుర్రాడు. హెల్మెట్ మోచేతికి వేలాడుతుంటుంది.

మట్టి ట్రాకులో అలా కుదరదు. బూట్లు, మోకాలి గార్డులు, ఛాతీ కవచం వేసుకున్నాకే బండి ఎక్కనిస్తారు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి బరువు మార్చడం, చక్రం జారినప్పుడు ముందు బ్రేకు ఎంత పట్టాలన్నది అక్కడ చేతికి అలవాటవుతుంది. పడినా ఎదురుగా లారీ ఉండదు. ఆడపిల్లలకూ ఇది పనికొస్తుంది, స్కూటీ మీద కాలేజీకి వెళ్ళేది వాళ్ళే ఎక్కువ.

ఈ ఉగాదికి మార్కుల బహుమతులతో పాటు ఇద్దరికి అలాంటి శిక్షణ ఫీజు సంఘమే కట్టాలని కమిటీలో అడగబోతున్నాం. ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రండి.