మాంజనార్ నుంచి కనిపించే కొండ

ప్రకృతి దృశ్యాలను ఫొటో తీయడంలో నా అభిరుచి మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. కొండకు అడ్డంగా కరెంటు స్తంభం ఉంటే మావాళ్లు నాలుగడుగులు పక్కకు జరిగి దాన్ని తప్పిస్తారు. నేను ఆ స్తంభం కూడా పడేలా నిలబడతాను. "ఇంత దూరం వచ్చి ఆ తీగలెందుకండీ బొమ్మలో?" అని మా ఆవిడ ప్రతి ప్రయాణంలోనూ అడుగుతుంది. మనిషి జాడ బొత్తిగా లేని దృశ్యం ఎంత గొప్పదైనా నా మనసు అక్కడ ఎక్కువసేపు నిలవదు. కంచె, బావి, కాలిబాట, ఆరేసిన బట్టలు, ఆఖరికి తుప్పు పట్టిన ట్రాక్టరు ఏదో ఒకటి కనిపిస్తే అక్కడ గంటసేపైనా కూర్చోగలను. ఇష్టాలకు కారణాలు అడగకూడదంటారు. నా ఇష్టానికి మాత్రం కారణం ఉంది. ఆ కారణం ఒక ఛాయాచిత్రంలోనూ, ఒక పుస్తకంలోనూ దొరుకుతుంది.

నిర్మానుష్యమైన దృశ్యమే అసలైన ప్రకృతి అన్న రుచిని అమెరికాకు అలవాటు చేసినవారిలో ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) ముందువరుసలో ఉంటాడు. పియానో సాధనతో మొదలై కెమెరా దగ్గర స్థిరపడిన మనిషి. నెగెటివ్‌ను సంగీతపు స్వరలిపితోనూ, దాని నుంచి తీసే ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు. 1927లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ శిలను తీసినప్పుడు ఎర్ర ఫిల్టరు వాడి, పగటి ఆకాశాన్ని దాదాపు నల్లగా మార్చాడు. కంటికి కనిపించినదాన్ని కాదు, మనసుకు తోచినదాన్ని అచ్చు వేశానన్నాడు. ఆ పనితనం ముందు ఎవరైనా తల వంచవలసిందే. అయితే ఆ యోసెమిటీ లోయ తనంతట తాను నిర్మానుష్యమైనది కాదు. అక్కడ తరతరాలుగా బతికిన అవానీచీ ప్రజల మీదికి 1851లో సాయుధ దళం వెళ్లి వారిని తరిమింది. ఖాళీ అయిన తరువాతనే అది కెమెరాల కంటికి స్వర్గంలా కనిపించడం మొదలుపెట్టింది.

ఇక నేను చెప్పదలచిన చిత్రం. కాలిఫోర్నియా తూర్పు అంచున, ఓవెన్స్ లోయలో తీసిన 'మౌంట్ విలియమ్సన్'. 1944 నాటిది. ముందుభాగమంతా బండరాళ్లు. ఏనుగుల మంద పడుకున్నట్టు ఒకదాని వెనుక ఒకటి, చూపు ఆనేంత దూరం అవే. వాటి వెనుక 14,000 అడుగులు దాటిన శిఖరం. మబ్బుల మధ్య నుంచి ఏటవాలుగా దిగుతున్న వెలుగు. సృష్టి మొదటి రోజున ఎవరో కెమెరా పట్టుకుని నిలబడ్డారా అనిపిస్తుంది. 1955లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఎడ్వర్డ్ స్టైకెన్ ఏర్పాటు చేసిన 'ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ప్రదర్శనలో దీన్ని పెద్దది చేసి పెట్టారు. మానవ కుటుంబం పేరిట జరిగిన ప్రదర్శనలో మనిషి లేని చిత్రం!

ఆ చిత్రానికి ఆడమ్స్ పెట్టిన పేరు పూర్తిగా చదవాలి. 'మౌంట్ విలియమ్సన్, సియెర్రా నెవాడా, మాంజనార్ నుంచి'. ఆ చివరి రెండు మాటలే నా వ్యాసానికి ఆధారం. మాంజనార్ అంటే స్పానిష్‌లో ఆపిల్ తోట. ఒకప్పుడు పాయూట్ జాతివారి నేల. తరువాత పండ్ల తోటల ఊరు. లాస్ ఏంజిలిస్ నగరం ఆ లోయ నీటిని కాలువ కట్టి తరలించుకుపోయాక ఊరు ఎండి ఖాళీ అయింది. 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపాను సంతతివారిని ఇళ్లలోంచి లేపి శిబిరాల్లో పెట్టారు. మొత్తం సుమారు 1,20,000 మంది. వారిలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన పౌరులు. ముళ్లకంచె, కాపలా బురుజులు, వరుసగా చెక్క గుడిసెలు ఉన్న మాంజనార్‌లో ఒక దశలో పదివేలమందికి పైగా ఉన్నారు. ఆ బండరాళ్ల చిత్రం తీసే రోజుల్లో ఆడమ్స్ ఆ లోయకు వచ్చిందే ఈ శిబిరం కోసం.

ఆడమ్స్‌కు అన్యాయం చేయకూడదు. శిబిరం అధికారి ఆయన స్నేహితుడు. ఆయన పిలుపు మీద 1943లో వెళ్లి, అక్కడి నర్సులను, రైతులను, బడిపిల్లలను, పత్రిక నడిపేవారిని దగ్గరగా, గౌరవంగా ఫొటోలు తీశాడు. యుద్ధం ముగియకముందే, 1944లో, 'బార్న్ ఫ్రీ అండ్ ఈక్వల్' అనే పుస్తకంగా తెచ్చాడు. శత్రుదేశపు ముఖాలుగా జనం ద్వేషిస్తున్న రోజుల్లో ఆ ముఖాలను పేజీ నిండా అచ్చువేయడం సాహసమే. 1965లో ఆ ఛాయాచిత్రాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశాడు. వారు పుస్తకాన్ని, చిత్రాలను అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచారు. వీలైతే చూడండి.

చూస్తే ఒక విచిత్రం గమనిస్తారు. బురుజులనూ, ముళ్లకంచెనూ, కాపలా సైనికులనూ ఫొటో తీయడానికి ఆయనకు అనుమతి లేదు. కానీ 'కాపలా బురుజు మీద నుంచి మాంజనార్' అనే చిత్రం ఉంది. బురుజు ఎక్కి తీశాడన్నమాట. బురుజు చిత్రంలో లేదు, తీసినవాడి కాళ్ల కింద ఉంది.

నాకు పేచీ ఉన్నది ఆ పుస్తకంలోని ఒక వాదనతో. ఎడారి వైభవం, చుట్టూ నిలిచిన కొండలు శిబిరవాసుల ఆత్మస్థైర్యాన్ని పెంచాయని ఆడమ్స్ నమ్మాడు. కొండలంటే ప్రాణమిచ్చే మనిషి, కొండలు అందరికీ అదే ఇస్తాయనుకున్నాడు. వైద్యుడిగా నాకు ఈ ధోరణి పరిచితం. రోగి మంచం పక్క కిటికీలోంచి కనిపించే చెట్టును చూపించి "ఎంత బాగుందో!" అనే బంధువులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. తలుపు తీసుకుని వెళ్లిపోగలిగినవాడికి ఆ చెట్టు దృశ్యం. వెళ్లలేనివాడికి అది ఏమిటో వాడినే అడగాలి.

అందుకే అదే మాంజనార్‌లో డొరోతియా లాంగ్ 1942 జూలైలో తీసిన చిత్రం నాకు ఎక్కువ ఇష్టం. గుడిసెల వరుస, దుమ్ము తుఫాను, గాలికి రెపరెపలాడే జెండా, వెనుక మసకగా అవే కొండలు. పనితనం మాట పక్కన పెట్టి చూస్తే ఇది కూడా ప్రకృతి దృశ్యమే. దుమ్ము ప్రకృతి కాదా? నీటిని ఊడ్చుకుపోయిన లోయకు దుమ్మే కదా మిగిలేది! ప్రభుత్వమే నియమించి తీయించిన ఈమె చిత్రాలను సైన్యం యుద్ధకాలమంతా బయటికి రానివ్వలేదు. లోపలివారిలోనూ ఒక ఛాయాచిత్రకారుడు ఉండేవాడు. టోయో మియాటకే. కటకాన్ని రహస్యంగా శిబిరంలోకి తెచ్చుకుని, చెక్కపెట్టెతో కెమెరా చేయించుకున్నాడు. అక్కడివారు బండలు దొర్లించి, నీళ్లు మళ్లించి, కంచె లోపలే కొలనులతో తోటలు పెంచారు. వాళ్లకు దృశ్యం కావలసి వచ్చింది నిజమే, కానీ వాళ్లు దాన్ని చేత్తో చేసుకున్నారు.

"అందమైన కొండను చూసినప్పుడల్లా చరిత్ర తవ్వాలా?" అని మిత్రులు అడుగుతారు. అక్కరలేదు. నేనూ సూర్యాస్తమయాలకు నోరు తెరిచేవాణ్ణే. నా మాట కెమెరా చట్రం గురించి. ఛాతీ ఎక్స్‌రే చదవడం నేర్పిన గురువులు, కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని చివర చూడమనేవారు. ముందు అంచులు, భుజాల మూలలు, ఉదరవితానం కింద. ఒక పెద్ద మచ్చ దొరకగానే కన్ను తృప్తిపడి వెతకడం మానేస్తుంది. దృశ్యాల విషయంలోనూ కంటి స్వభావం అదే. శిఖరం దొరికింది, ఇక చాలంటుంది.

గోదావరి మీద పాపికొండల ఫొటోలు ఏటా నాకు వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి. రెండు కొండల మధ్య నది, పొగమంచు, ఒక్క లాంచీ. పోలవరం కాపర్ డ్యామ్ వెనుక నీరు ఎగదన్ని దేవీపట్నం మండలంలోని ఊళ్లు మునుగుతూ వచ్చాయి. కొండరెడ్లు, కోయలు పునరావాస కాలనీల దారి పట్టారు. నిష్ఠురమైన సంగతి ఏమిటంటే, నీరు పెరిగేకొద్దీ ఫొటో ఇంకా బాగా వస్తుంది. నది విశాలమవుతుంది, గట్టు మీది పూరిళ్లు మాయమవుతాయి, కొండ నీడ నిండుగా పడుతుంది. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది ఇంజనీర్లూ రైతులూ తేల్చుకోవలసిన పెద్ద చర్చ, నేను అందులోకి పోవడం లేదు. కానీ "స్వచ్ఛమైన ప్రకృతి" అన్న శీర్షికతో ఆ చిత్రం వచ్చినప్పుడు మాత్రం నా వేలు ఆ బొటనవేలి గుర్తు మీద నొక్కదు.

మన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేస్తూ రాసుకున్న చరిత్రలో చూడండి. ఊరు ఎంత పెద్దది, అంగళ్లున్నాయా, నీళ్లు దొరుకుతాయా, దిగడానికి వసతి ఉందా, దారి ఎలాంటిది, వాగు దాటడమెలా - ఇవీ ఆయన చూపు పడే చోట్లు. కెమెరా లేని కాలపు మనిషి. కొండలూ నదులూ ఆ పుస్తకంలో పుష్కలంగా ఉన్నాయి, వాటి ఒడ్డున ఎవరో ఒకరు ఉంటారు.

నా ఫొటోలు గొప్పవి కావు. వాటి కింద రాసే వాక్యాల మీదే నాకు శ్రద్ధ ఎక్కువ. ఎక్కడ నిలబడ్డానో, వీపు వెనుక ఏముందో రాస్తాను. కిందటి వసంతంలో మాంజనార్‌లో తీసినదాని కింద ఇలా ఉంది: "శ్మశానవాటిక. శిబిరవాసులు 1943లో కట్టుకున్న తెల్లని స్తంభం, ఆత్మలకు ఊరటగా. దాని వెనుక కొండలు. నా వీపు వెనుక గుడిసెలు తీసేసిన ఖాళీ నేల, 395 రహదారి. గాలి బాగా ఉంది."