ఊసరవెల్లిని ఇంట్లో పెంచుకోవచ్చా? గట్టు మీద దొరికింది తెస్తే కేసే.. విదేశీదైతే కాగితాలు ఉండాల్సిందే!

ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల్లో మెరిసిపోయే ఊసరవెల్లి.. అద్దాల పెట్టెలో కొమ్మ మీద కూర్చుని నాలుక చాచి రెప్పపాటులో పురుగును లాగేసుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలకు కొదవ లేదు. అవి చూశాక ఇలాంటిది ఒకటి మన ఇంట్లో ఉంటే బాగుండు అని కుర్రాళ్లకు అనిపించడం సహజం. పత్తి, మిర్చి చేలు పరుచుకున్న గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో అయితే ఇంకో ఆలోచన కూడా వస్తుంది. వేలు పోసి కొనడం ఎందుకు, మన పొలం గట్టు మీద దొరికేదే కదా అని.

చిక్కంతా అక్కడే ఉంది. తెలుగులో రెండింటినీ ఊసరవెల్లి అనే అంటాం. కానీ చట్టం దృష్టిలో ఒకటి ఎవరూ పట్టుకోకూడనిది. రెండోది కాగితాలు ఉంటేనే ఇంట్లో ఉండాల్సింది. ఈ తేడా తెలియకపోతే సరదా కాస్తా కోర్టు దాకా వెళ్తుంది.

పొలం మనదే.. ఊసరవెల్లి మాత్రం మనది కాదు

ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులుంటే, మన దేశంలో సహజంగా బతికేది ఒక్కటే. గంగకు దక్షిణాన ఉన్న పొడి ప్రాంతాల్లో, శ్రీలంకలో ఇది కనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని రక్షిత జంతువుల జాబితాలోనే ఉంచింది.

వేట అంటే తుపాకీ పట్టడమే అనుకుంటారు చాలామంది. ఈ చట్టం ప్రకారం రక్షిత జంతువును పట్టుకోవడం, వల లేదా ఉచ్చు వేయడం కూడా వేటే. సరీసృపాల గుడ్లు పాడుచేసినా, కదిలించినా అదే లెక్క. అడవిలో దొరికిందా, సొంత పొలంలో దొరికిందా అన్న తేడా కూడా లేదు. చట్టాన్ని కాదని పట్టిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అలాంటిది చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారులకో చెప్పాలి. కాబట్టి నల్లమల పులుల అభయారణ్యంలో ఒక రూలు, మార్కాపురం పక్కన చేలో ఇంకో రూలు అనుకుంటే పొరపాటే.

2022లో ఈ చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. సాధారణంగా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మొదటి షెడ్యూల్‌లోని జంతువైతే కనీసం మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. 'చంపలేదు, పెంచుకుంటున్నా' అనే మాట ఇక్కడ చెల్లదు.

తొండా.. ఊసరవెల్లా?

ఊళ్లలో తల ఎర్రబడిన తొండను చూసి ఊసరవెల్లి అనేవాళ్లు చాలామందే ఉన్నారు. రంగు మార్చేది కాబట్టి ఆ పొరపాటు. నిజానికి గుర్తుపట్టడం తేలికే. తొండ తల ఆడిస్తుంది, అలికిడైతే చటుక్కున పారిపోతుంది. ఊసరవెల్లి అడుగు తీసి అడుగు వేయడానికే ఊగిసలాడుతుంది. తోక చుట్టుకుని కొమ్మను పట్టుకుంటుంది. కాలి వేళ్లు రెండు గుంపులుగా కలిసిపోయి పట్టకారులా ఉంటాయి. రెండు కళ్లూ వేర్వేరు దిక్కులకు తిరుగుతాయి.

ఇది కరిస్తే విషం ఎక్కుతుందన్న భయం కూడా ఉంది. ఊసరవెల్లికి విషం లేదు. ఆ భయంతో రాళ్లు వేసి చంపినా అదే చట్టం వర్తిస్తుంది.

విదేశీ ఊసరవెల్లి సంగతేంటి?

పెంపుడు జంతువుల మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి యెమెన్, సౌదీ అరేబియాకు చెందిన వెయిల్డ్ ఊసరవెల్లి. రెండోది మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లి. రీల్స్‌లో కళ్లు చెదిరే రంగుల్లో కనిపించేది ఎక్కువగా ఈ రెండోదే. ఇవి రెండూ సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందకు వస్తాయి. అంటే అనుమతి పత్రం లేకుండా దేశాల సరిహద్దులు దాటకూడదు.

2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఓ అవకాశం ఇచ్చింది. విదేశీ జంతువులు ఉన్నవాళ్లు ఆరు నెలల్లోగా తమంతట తాము వెల్లడిస్తే పాత కాగితాలు అడగబోమని చెప్పింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. 2022 సవరణతో సైట్స్ జాబితా మన చట్టంలోనే నాలుగో షెడ్యూల్‌గా చేరింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, ఈ షెడ్యూల్‌లోని బతికున్న జంతువు ఎవరి దగ్గరున్నా పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువిచ్చారు. కొత్తగా తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో ఆ పని చేయాలి.

ఇక్కడే కొనేవాళ్లు మోసపోతారు. ఆన్‌లైన్ గ్రూపుల్లో 'పేపర్స్ ఉన్నాయి బ్రో' అంటారు. ఆ కాగితం ఏంటో చూసేవాళ్లు తక్కువ. చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల బ్యాగుల్లో విదేశీ సరీసృపాలు పదేపదే పట్టుబడుతున్నాయి. పట్టుబడకుండా బయటకు వచ్చినవి ఇలాంటి గ్రూపుల్లోకే చేరతాయి. అమ్మినవాడు ఫోన్ నంబర్ మార్చేస్తాడు. జంతువు మాత్రం కొన్నవాళ్ల ఇంట్లోనే ఉంటుంది. అధికారులు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే.

రంగు మారిందంటే ముచ్చటగా ఉన్నట్టు కాదు

వెనకున్న రంగును బట్టి ఊసరవెల్లి రంగు మారుస్తుందన్నది పాత నమ్మకం. 2015లో జెనీవా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పాంథర్ ఊసరవెల్లి మీద పరిశోధన చేశారు. దాని చర్మ కణాల్లో సూక్ష్మమైన స్ఫటికాలు ఉంటాయని, వాటి మధ్య దూరం మారితే పైకి కనిపించే రంగు మారుతుందని తేల్చారు. ఆ మార్పు వెనుక ఉండేవి పోటీకి వచ్చిన మగది, జత, వేడి, భయం. కళ్లద్దాలు, చాక్లెట్ల మీద పెట్టగానే అదే రంగులోకి మారిపోయే వీడియోలు ఎడిటింగ్ మహిమే. పెట్టెలోని ఊసరవెల్లి ముదురు రంగుకు తిరిగిందంటే, చాలాసార్లు అది బెదిరిందనో, ఒంట్లో బాలేదనో అర్థం.

పెంచడం కూడా తేలిక కాదు. ఇది గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీది చుక్కల్ని నాకుతుంది. ఎక్కువగా బతికున్న పురుగులే తింటుంది. సరైన అతినీలలోహిత కాంతి, కాల్షియం అందకపోతే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. వెయిల్డ్ జాతి ఆడది మగ తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. పెట్టడానికి మట్టి లేకపోతే ప్రాణం మీదకు వస్తుంది. ఒంటరి జీవి కాబట్టి చేతిలో పట్టుకుని ఆడించడం కూడా దానికి ఇబ్బందే. ఎండాకాలం రెంటచింతల వైపు ఎలా మండిపోతుందో తెలిసిందే. ఆ వేడిలో కరెంటు పోతే అద్దాల పెట్టె పొయ్యి అవుతుంది. పైగా సరీసృపాలకు వైద్యం తెలిసిన పశువైద్యులు మన దగ్గర అరుదు.

విసుగొచ్చి వదిలేస్తే ఇంకో తంటా. 1972లో కెన్యా నుంచి పెట్ షాపు కోసం హవాయి తెచ్చిన జాక్సన్ ఊసరవెల్లులు బయటపడి, అక్కడి దీవుల్లో పాతుకుపోయాయి. ఇప్పుడు అవి స్థానిక పురుగులు, నత్తలను తినేస్తున్నాయి.

అసలు ప్రమాదం గట్టు దగ్గరే

మన ఊసరవెల్లి అంతరించిపోయే దశలో లేదు. అంతర్జాతీయ జాబితాలోనూ పెద్దగా ఆందోళన అక్కర్లేని జాతిగానే ఉంది. అయితే పత్తి, మిర్చి పొలాల్లో దాని బతుకు అంత సులువుగా ఏమీ లేదు. అది తినేది మిడతలు, ఈగలు, పురుగులు. ఇక్కడి రైతు సీజన్‌లో పదేపదే మందు కొట్టేదీ పురుగుల మీదే. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసినప్పుడు ఎంత మందు కొట్టారో గుంటూరు రైతుకు గుర్తుండే ఉంటుంది. ఊసరవెల్లి ఉంటే తామర పురుగు ఆగిపోతుందని కాదు, అంత చిన్న పురుగు దాని వల్ల కాదు. కానీ మందు తగిలిన పురుగులు తినేది, తిండి దొరక్క పోయేది అదే.

తుమ్మ కంచెలు కొట్టేసి ఇనుప తీగ వేస్తే అది ఉండే చోటు పోతుంది. గుడ్లు పెట్టేది నేలలోనే కాబట్టి, గట్టును యంత్రంతో చెక్కేస్తే గుడ్లూ పోతాయి. ఇక నడక నెమ్మది కాబట్టి రోడ్డు దాటుతూ టైర్ల కింద పడిపోతుంది. అసలే ఇన్ని దెబ్బలు తింటున్నదాన్ని రీల్ కోసం సంచిలో వేసుకెళ్లడం ఇంకో దెబ్బ.

కనిపిస్తే ఏం చేయాలి?

కొమ్మ మీద ఉంటే దూరం నుంచి ఫొటో తీసుకుని వదిలేయడమే. రోడ్డు మీద ఉంటే, ఓ పుల్ల అందించి అది వెళ్తున్న వైపే చెట్టు మీదకు చేరిస్తే చాలు. దెబ్బ తగిలి ఉంటే దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి చెప్పాలి, ఇంటికి తీసుకెళ్లి సొంత వైద్యం చేయకూడదు. ఎవరైనా అమ్ముతుంటే కొని కాపాడదాం అనుకోవద్దు. కొన్న ప్రతిదానికీ బదులు ఇంకోటి పట్టుకొస్తారు.

విదేశీదే కావాలనుకునేవాళ్లు డబ్బు చేతికిచ్చే ముందే పరివేష్ నమోదు వివరాలు అడగాలి. చూపించకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయాలి. ఊసరవెల్లి మీద నిజంగా ఇష్టం ఉన్న రైతు ఇంటి పిల్లలకైతే పెట్టెతో పనే లేదు. పొలం చివర నాలుగు తుమ్మ చెట్లు, కాస్త పొదల కంచె ఉండనిస్తే, అదే అక్కడికి వచ్చి ఉంటుంది. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.