మన దయ్యపు కథలు

అద్భుత భయానక కథలను గూర్చి మన సాహిత్యలోకమునందు రెండు వాదములు చిరకాలమునుండి వినవచ్చుచున్నవి. దయ్యములు లేవు గావున దయ్యపు కథలును ఉండరాదనియు, అవి మూఢవిశ్వాసములకు పాలుపోసి పెంచుచున్నవనియు, సంస్కారప్రియులు వానిని ముట్టరాదనియు మొదటి పక్షమువారు చెప్పుదురు. కథ కథయే గదా, ప్రొద్దుపుచ్చుటకై చదువుకొను దానియందు లోకహితమును వెదకుట వెఱ్ఱితనమని రెండవ పక్షమువారు నవ్వుదురు. మొదటివారు మాకు మిత్రులు. రెండవవారు ప్రచురణకర్తలకును చలనచిత్ర నిర్మాతలకును మిత్రులు. ఈ రెండు పక్షములును పొరబడినవని మా నిశ్చయము.

దయ్యములు లేకపోవచ్చును. భయము మాత్రమున్నది. అది లేదని వ్యాసములు వ్రాసినంతమాత్రమున పోవునది కాదు. భరతముని నాట్యశాస్త్రమున జెప్పిన యెనిమిది రసములలో భయానకమొకటి, అద్భుతమొకటి. ఆలంబనము లేనిదే రసము పుట్టదని మన లాక్షణికులు నిర్ణయించిరి. శృంగారమునకు నాయికానాయకులెట్టివారో, భయానకమునకు భయపెట్టునది యట్టిది. కావున ఒక భయానక కథ మంచిదా చెడ్డదా యని విచారించునప్పుడు అందు దయ్యమున్నదా లేదా యని అడుగుట వ్యర్థము. ఈ కథ ఎవరిని జూచి భయపడుమని మనకు బోధించుచున్నది? అడుగవలసిన ప్రశ్న యిది యొక్కటే. సంస్కారప్రియులు ఈ ప్రశ్న నడుగక కథలన్నిటిని మూటగట్టి బయట పారవేసినందున, ఆ మూట అడుగనివారి చేత జిక్కినది.

రెండవ పక్షమువారు కోరు భయమెట్టిదో ఒక దృష్టాంతముచే చెప్పెదము. సంగారెడ్డిలో 1796లో కట్టిన కారాగారమొకటి గలదు. దానిని ప్రదర్శనశాలగా మార్చి, 500 రూపాయలు చెల్లించినవారు ఒక దినము ఖైదీలుగ నుండి చూచుటకు 2016లో ఏర్పాటు చేసిరి. ఖైదీ యుడుపు ధరించి, ఖైదీ కూడు తిని, మరునాడు ఇల్లు చేరువానికి చెరయన నేమో యెంత తెలియును? భయమును ప్రొద్దుపుచ్చుటకై కొనువారికిని భయమంతియే తెలియును. వారు చదివి ముగించిన కథ మరియొకచోట మరియొకరి మెడకు ఉరియగుచున్నదని వారెరుగరు.

ఈ కథల శక్తిని మన తొలి సంస్కర్తలే యెరిగియుండిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గలివరు యాత్రల ననుసరించి సత్యరాజా పూర్వదేశ యాత్రలను రచించిరి. ఆడుమళయాళమను దేశమున స్త్రీలు పెత్తనము సేయుచుండ పురుషులు అణగిమణగి యుందురు. అట్టి దేశము భూమిపై లేదని పంతులుగారికి తెలియదా? తెలియును. ఉన్న దేశమును తలక్రిందులు చేసి చూపిననే గాని మన కంటికి మన యిల్లు కనబడదనియు వారికి తెలియును. సంస్కరణవాదులతో బొత్తిగ పొసగని విశ్వనాథ సత్యనారాయణ గారును ఇదే పనిముట్టును చేపట్టిరి. వారి హాహాహూహూలో గుఱ్ఱపు తలగల గంధర్వుడొకడు లండను నగరమున పడును. అచ్చటివారు వానిని బోనులో నుంచి, వీడు పశువా మనుష్యుడా యని చర్చింతురు. ఆ చర్చ సాగినకొలది పాఠకుని దృష్టి బోనులోని వానిని విడిచి బోను వేసినవారివైపు మరలును. మనుష్యుడెవడో నిర్ణయించు అధికారము వీరికెవరిచ్చిరను సందేహము పుట్టును. 1818లో మేరీ షెల్లీ ప్రకటించిన ఫ్రాంకెన్‌స్టయిను కథయు నిట్టిదే. అందలి వికృతప్రాణికి ఆమె పేరైనను పెట్టలేదు. వానిని చేసిన విద్వాంసుని దోషము చేయుటకంటెను, చేసి విడిచి పారిపోవుటయందే హెచ్చుగ నున్నది.

మన బేతాళుని సంగతి చెప్పనక్కరయే లేదు. కథాసరిత్సాగరమునాటి యా శవము 1947లో పుట్టిన చందమామ ద్వారమున తెలుగుబిడ్డల కందరికిని చుట్టమైనది. ఆ కథలలో శవము రాజును భయపెట్టుటకై మాటలాడదు. కథ చెప్పి, న్యాయాన్యాయములను గూర్చి ప్రశ్న వేయును. ఉత్తరము తెలిసియు చెప్పకున్నచో రాజు తల పగులును. తెలియనివానికి శిక్ష లేదు. తెలిసి మౌనము వహించినవానికే శిక్ష. భయానక కథకు ఇంతకంటె గొప్ప లక్షణమును మేమెక్కడను చూడలేదు.

మా వాదమునకు సాక్ష్యమును దూరదేశమునుండి తేనక్కరలేదు. హైదరాబాదునకు పశ్చిమముగ బొంబాయి బాటమీదనున్న పటాన్‌చెరువు, సంగారెడ్డి ప్రాంతములను చూతము. 2016లో జిల్లాలను విభజించుటకు పూర్వము ఇవి మెదకు జిల్లాలోనివి. ఈ మెదకు సీమయందు బాణామతి యను మాట నెరుగని యూరుండదు. పాడిబర్రె చచ్చినను, పసిబిడ్డకు జ్వరము తగ్గకున్నను, ఆడువారికి మూర్ఛలు వచ్చినను, ఎవరో బాణామతి చేసిరని చెప్పుకొనుట పరిపాటి. చేసినదెవరని యడిగినప్పుడు జనుల వ్రేలు ఊరి దొరవైపు తిరుగదు. దిక్కులేని ముసలిదానివైపు, విధవవైపు, వెలివాడలోని పేదవానివైపు తిరుగును. మంత్రము నోట పలుకకుండ పండ్లూడబెరుకుట, చెట్టునకు గట్టి కొట్టుట, నిప్పంటించుట పూర్వకాలపు గాథలు గావు. 2024 అక్టోబరులో మెదకు జిల్లా రామాయంపేట మండలమున ఒక స్త్రీని చేతబడి చేసినదను అనుమానముతో తగులబెట్టి చంపిరి. నరేంద్ర దభోల్కరు హత్యానంతరము 2013లో మహారాష్ట్రమును, 2017లో కర్ణాటకమును ఇట్టి దురాచారముల నణచుటకు శాసనములు చేసికొనినవి. శాసనము కొట్టినవానిని శిక్షింపగలదు. కొట్టినవాని మనస్సున ఆ ముసలిదానిని రాక్షసిగా చిత్రించినదెవరని అది విచారింపదు. ఆ విచారణ సాహిత్యము చేయవలసినది.

ఇట్టి నేలపై మన భయానక రచనలు చేసినదేమి? ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి, వేనవేల పాఠకులకు నిద్ర లేకుండ జేసిన యండమూరి వీరేంద్రనాథు గారి తులసిదళమును తీసికొందము. ఆ నవలను రంగనాయకమ్మ గారు తీవ్రముగ విమర్శించిన సంగతి పాఠకులెరిగినదే. మా తగవు కొంచెము వేరు. అందు ఒక పసిబాలికపై క్షుద్రప్రయోగము జరుగుటకు మూలము ధనాశ. రచయిత ఆ సంగతిని దాచలేదు. అయినను పాఠకుల మనస్సులలో కాష్మోరా నిలిచినది. ధనాశ తెరవెనుకకు పోయినది. కథనశక్తి యంతయు కాష్మోరాకే ధారపోసినప్పుడు మరియెట్లు జరుగును? 2023లో విడుదలయిన విరూపాక్ష యను చలనచిత్రమున గ్రామస్థులు క్షుద్రవిద్య చేయుచున్నారను నెపమున దంపతుల నిరువురిని సజీవముగ దహింతురు. ఎంత గొప్ప కథకు ద్వారమది! గుంపు యొక్క భయమునకంటె భయంకరమైనది లేదని చూపదగిన చోటది. కాని కథ ముందునకు సాగి, ఆ క్షుద్రవిద్య నిజమేయని నిరూపించును. అనగా తగులబెట్టినవారి యనుమానము తప్పుగాదని చూపరులు ఇంటికి తీసికొనిపోవుదురు. దీనిని వినోదమందురా?

ఇక రెండవ చిత్రమును చూడుడు. అదే సీమలో 1970వ దశకము మొదలు పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము మొదలగుచోట్ల పారిశ్రామికవాడలు ఒకదానివెంట నొకటి వెలసినవి. రసాయనశాలల మురుగు నక్కవాగున బడి మంజీరవైపు పారినది. పైరులు మాడుచున్నవని, పశువులు చచ్చుచున్నవని, బావినీరు రంగు మారినదని పల్లెవారు మొరపెట్టుకొనిరి. 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలై, రెండు దశాబ్దములకు పైగా నడిచినది. రైతులకు నష్టపరిహార మిమ్మని ఆజ్ఞలైనవి. 2007లో స్వీడను దేశపు పరిశోధకులు, సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలము చేరు పటాన్‌చెరువు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, తాము కనుగొనినది ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను మందు అందు లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నది. ఆ మందు సేవించు రోగి నెత్తుటిలో నుండుదానికంటె నిది హెచ్చు. అదియు శుద్ధిచేసి విడిచిన నీటిలో! అచ్చటి బావులలోను చెరువులలోను మందుల జాడలున్నవని, వాగు మట్టిలో మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు విస్తారముగ నున్నవని తరువాతి పరిశోధనలు తెలిపినవి. పిదప ఆ కేంద్రపు నీటిని గొట్టముల ద్వారా హైదరాబాదు నగరపు మురుగులోనికి మళ్లించిరి. భూతవైద్యుడు ఒకరింటి దయ్యమును మరియొకరింటికి తోలినట్లు! ప్రాణము నిలుపుటకై పుట్టిన మందు నీటిలో గలిసి, మందుచే చావని క్రిమిని పెంచుచున్నది. ఇంతకు మించిన భయానక వస్తువును ఏ మాంత్రికుడు కల్పింపగలడు?

ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెనని మా ప్రార్థన. ఒక యూర బర్రె చచ్చినది. కంటికి గనబడని కీడేదో తగిలినదని జనులు ముసలిదానిని పట్టి కొట్టిరి. మరియొక యూరను బర్రె చచ్చినది. అచ్చట కీడు నిజముగనే కంటికి గనబడనిది, నీటిలో గలిసినది, మనుష్యుల చేతలచే బుట్టినది. ఈ రెండవదానికి జనుల నాలుకమీద పేరు లేదు, కథ లేదు. మొదటిదానికి వంద పేర్లు, వేయి కథలు గలవు. అందుచేతనే అదృశ్యమైన కీడు దాపురించినప్పుడు మన బుద్ధి వ్యర్థపు గొట్టమువైపు పోక ఊరిచివరి గుడిసెవైపు పరుగెత్తును. కథలు త్రోవ వేసినవైపే భయము నడచును. ఈ త్రోవ వేసినవారిలో మన రచయితలు లేరని యెవరనగలరు?

2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున నొక ఔషధ సంబంధ కర్మాగారములో విస్ఫోటము జరిగి నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో బిహారు, ఒడిషా మొదలగు రాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు పెక్కురు. గుర్తింపరాక కాలిపోయిన దేహములను డి.ఎన్.ఏ. పరీక్షలచే బంధువులతో సరిపోల్చి యప్పగించిరి. కొందరివి అవశేషములైనను దొరకలేదు. మన జనుల నమ్మకము ప్రకారము దయ్యమగువారెవరు? అకాలమరణము నొందినవారు, అంత్యసంస్కారమునకు నోచుకొననివారు. ఆ లెక్కను జూచినచో పాశమైలారమున దయ్యములెందరు? ఊరు గాని ఊరిలో, భాష రాని చోట, హాజరుపట్టికలో నొక వరుసగా బ్రదికి, మరణించిన పిదప నెత్తుటి పరీక్షవలన పేరు దక్కించుకొనిన మనుష్యుని గూర్చిన కథకంటె, తానెవడను ప్రశ్నను లోతుగ నడుగగల కథ యేది? మన దయ్యపు కథలయందు జమీందారుల బంగళాలున్నవి, పాడుబడిన కోటలున్నవి, రాణులును అఘోరులును గలరు. కార్మికుని దయ్యమునకు మాత్రము తావు లేదు. బ్రదికియుండగా నోరులేనివానికి చచ్చిన పిదప కథలోనైనను నోరీయకుండుట న్యాయమా?

కర్మాగారముల వలననే గదా వేలమందికి కూడు దొరకుచున్నది, వానిని రాక్షసులుగ జూపి జనులను బెదరింతురా యని కొందరడుగుదురు. మేము యంత్రమునకు శత్రువులము గాము. ఆ పటాన్‌చెరువుననే 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ మెట్టపంటలను గూర్చి పరిశోధించి లోకమునకు మేలు చేసినది. ఆ సీమలో తయారగు మందులు దేశదేశముల రోగులకు ప్రాణము పోయుచున్నవి. చేయుట దోషమని మేరీ షెల్లీయు చెప్పలేదు. చేసినదానికి పూచీ వహింపక విడుచుట దోషము.

ఇట్లు వ్రాసినచో కథ కరపత్రమగును, భయము చచ్చునని రసికులు శంకింతురు. 1954 మార్చిలో హైడ్రోజను బాంబు పరీక్షా ధూళి జపాను జాలరుల పడవపై బడినది. ఆ యేడాదియే గాడ్జిల్లా యను మహాజంతువు జపాను తెరపై సముద్రమునుండి లేచినది. చూచినవారెవరును దానిని కరపత్రమనలేదు. గుండెలు చిక్కబట్టుకొని చూచిరి. మన సింగీతము శ్రీనివాసరావు గారి ఆదిత్య 369 చిత్రము 1991లో ప్రేక్షకులను భావికాలమునకు గొనిపోయి, అణుధార్మికతకు వెరచి భూగర్భమున దాగిన మనుష్యులను జూపినది. పిల్లలును పెద్దలును ఆనందముతో చూచిరి. నిజమైన కీడును ఆలంబనముగ గొనిన భయము రెట్టింపగునేగాని తగ్గదు.

కావున రచయితలను మేము కోరునది దయ్యములను వదలుమని గాదు. మీ దయ్యమును దుర్బలుని గుడిసెలోనుండి తీసి, పూచీ వహింపని బలవంతుని ముంగిట నిలుపుడు. పత్రికాధిపతులారా, ముసలిదానిని మంత్రగత్తెగ జేసి భయపెట్టు కథ మీ బల్లపైకి వచ్చినప్పుడు, ఆ కథను నమ్మి రేపు ఏ యూర ఎవరి పండ్లూడునో యోచింపుడు. పాఠకులారా, పుస్తకము మూయుటకు ముందు ఇది నన్నెవరిని జూచి భయపడుమన్నదని యొకమారు ప్రశ్నించుకొనుడు. మన భుజముపైని శవము కథ చెప్పి ముగించినది. ప్రశ్నయు వేసినది. నక్కవాగులో నేమున్నదో, బాణామతి పేర చచ్చువారెవరో మనకు తెలియదని యికమీద చెప్పుటకు వీలులేదు. తెలిసి మౌనము వహించువాని తలకేమగునో చిన్ననాడే చదువుకొనియున్నాము.