బండి కొన్నాం సరే, రాత్రి ప్రయాణం లెక్కలో ఉందా?



చింతామణి, శిడ్లఘట్ట, ములబాగిలు పక్క మన ఊళ్ళలో గానీ, హోసూరు, డెంకణికోట పక్కన గానీ ఇప్పుడు చాలా పురుగుల షెడ్ల ముందర ఒక కొత్త డీజిల్ పికప్ కనిపిస్తా ఉంది. ముందర నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, అద్దం మీద ఇంటి దేవుడి పేరు రాయించి నిలబెట్టుకున్నారు. సంతోషం. గూడు విడిపించి, ఇంకొకరి టెంపో ఎప్పుడొస్తుందా అని రోడ్డు మీద కాసుకున్న వాళ్ళకే తెలుసు సొంత బండి విలువ.

అయితే ఈసారి ఒక మాట గట్టిగానే చెప్పదలచుకున్నాం. బండి ధర లెక్క వేస్తున్నాం, కంతు లెక్క వేస్తున్నాం, డీజిల్ లెక్క వేస్తున్నాం. రాత్రి ప్రయాణాన్ని మాత్రం ఎవరమూ లెక్కలో వేయడం లేదు. చంద్రికల మీద గూడు విడిపించేస్తే పంట అయిపోయిందని అనుకుంటున్నాం. అట్లా కాదు. మార్కెట్లో లాటు తూకమై, బండి క్షేమంగా ఇల్లు చేరి, తొట్టి కడిగినాకనే పంట అయినట్టు. ఆ రాత్రీ, ఆ మరుసటి పగలూ పంటలో భాగమే. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఎంత జాగ్రత్తగా మేత వేస్తామో, ఆ ప్రయాణానికీ అంత జాగ్రత్త కావాలి. మా అభిప్రాయం ఇదే.

బండి ఇచ్చే బలం, దాని హద్దు

ముందు మంచి చెప్పుకుందాం. బండి లేనప్పుడు దగ్గరి మార్కెట్లో ఆ రోజు ఏ ధర పలికితే దానికి ఒప్పుకోవలసిందే. బండి ఉంటే శిడ్లఘట్టలో బాగా లేదంటే రామనగర చూడొచ్చు. హోసూరు వైపు వాళ్ళు ధర్మపురి చూడొచ్చు. బాగేపల్లి వైపు వాళ్ళకు హిందూపురం ఉంది. ఇది చిన్న బలం కాదు.

కానీ గూడు రాగుల మూట కాదు, ధర వచ్చేదాకా అటక మీద పెట్టుకోవడానికి. లోపల ప్రాణం ఉంది. చంద్రికలకు ఎక్కించిన 5వ రోజు సీబీ గూడు, 6, 7 రోజులకు బైవోల్టిన్ గూడు విడిపిస్తాం. పది పన్నెండు రోజులకల్లా చిలక గూడు చీల్చుకుని బయటికి వస్తుంది. చిల్లు పడిన గూడును రీలరు ముట్టుకోడు. అంటే మన చేతిలో ఉండేది నాలుగైదు రోజులే. అందులోనూ రోజురోజుకూ బరువు తగ్గుతుంది. కాబట్టి బండి ఉందని మార్కెట్ మార్కెట్ తిరిగితే ధరలో వచ్చింది తూకంలో పోతుంది. ఎక్కడికి పోవాలో ఇంటి దగ్గరే, ఫోన్లో ధరలు చూసి తేల్చుకోవాలి. ఒకసారి మార్చొచ్చు, రెండోసారి మారిస్తే నష్టమే.

ఒక్కరి గూడుకు ఒక్క బండా?

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చింతామణి పక్క ఊరి నుంచి రామనగర పోయి రావడానికి 240 కిలోమీటర్లు అనుకుందాం. లోడుతో లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చిందంటే 20 లీటర్ల డీజిల్. లీటరు 90 రూపాయల లెక్కన 1,800. టోలు, భోజనం, దించే కూలి కలిపి ఇంకో 1,000 పెట్టండి. మొత్తం 2,800. 200 గుడ్ల పంటకు 140 కేజీల గూడు వచ్చిందంటే, కేజీకి 20 రూపాయలు రోడ్డుకే పోయింది. దూరం మార్కెట్లో కేజీకి 20 రూపాయలు ఎక్కువ దొరికినా మిగిలింది సున్నా.

అదే బండిలో నలుగురి గూడు, 560 కేజీలు, వేసుకుంటే కేజీకి 5 రూపాయలే. టన్ను పైన మోసే బండికి ఆ బరువు లెక్కే కాదు. మధ్యలో వెదురు తడికతో అర కట్టి రెండంతస్తులుగా, గాలి ఆడేట్టు వదులుగా పెడితే గూడు వేడెక్కదు. ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, పైన టార్పాలిన్ బిగించి కడితే మాత్రం ప్యూపా ఆవిరికే గూడు మెత్తబడుతుంది. వల సంచులు వాడండి. టార్పాలిన్ వానకే గానీ అలవాటుగా కాదు.

“సొంత బండి కొన్నది ఇంకొకరి కోసం కాచుకోవడానికా?” అని కొందరు అన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చాకీ తెచ్చుకునేటప్పుడే ఊళ్ళో నలుగురూ మాట్లాడుకుని ఒకటి రెండు రోజుల తేడాలో తెచ్చుకుంటే గూడు కూడా ఒకేసారి వస్తుంది. అప్పుడు ఎవరూ ఎవరికోసమూ కాచుకోనక్కరలేదు. బండి ఒకరిదే ఉండనీ, ప్రయాణం నలుగురిదీ కావాలి.

అసలు ప్రమాదం నిద్ర

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. గూడు విడిపించే రోజు ఇంట్లో ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. తెల్లవారు నుంచి చంద్రికల దగ్గరే. విడిపించాలి, మరకగూళ్ళు, జంటగూళ్ళు ఏరాలి, సంచులకెత్తాలి. పొద్దు మునిగేసరికి నడుము పట్టేసి ఉంటుంది. గూడుకు చల్లదనం కావాలి కాబట్టి రాత్రే బయలుదేరుతాం. పొద్దంతా గూడు విడిపించిన ఆ మనిషే రాత్రి స్టీరింగు పట్టుకుంటాడు. రాత్రి రెండు నుంచి ఐదు వరకు మనిషికి కళ్ళు మూతలు పడే గంటలు. సరిగ్గా ఆ గంటల్లోనే మనం హైవే మీద ఉంటాం.

తిరుగు ప్రయాణం ఇంకా చెడ్డది. వేలం ముగిసింది, తూకమైంది, కడుపు నిండా తిన్నాం, మనసు తేలికపడింది. ఎండ. ఖాళీ బండి వెనక భాగం తేలిగ్గా ఉండి గుంతల్లో ఎగిరిపడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారుతుంది. రాత్రంతా లేని నిద్ర అప్పుడే వస్తుంది.

జీతానికి తోలే డ్రైవరుకు రోజుకు 8 గంటలకు మించి పని ఉండకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. సొంత బండి తోలే రైతుకు గంటలు లెక్కపెట్టే వాళ్ళెవరు? మనమే పెట్టుకోవాలి. 7,500 కేజీల లోపు సరుకు బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాబట్టి ఇంట్లో కారు లైసెన్సు ఉన్న కొడుకు, తమ్ముడు, బిడ్డ ఎవరైనా పికప్ తోలొచ్చు. లైసెన్సు ఉంటే చాలదు, నిద్ర కూడా ఉండాలి.

“గూడుకు రాత్రి చల్లదనం కావాలి, మనిషికి నిద్ర కావాలి, రెండూ ఎట్లా?” అంటారా? దారి ఉంది. గూడు విడిపించే మనిషి, బండి తోలే మనిషి ఒకరే కాకూడదు. తోలేవాడిని ఆ రోజు మధ్యాహ్నం నుంచే పని మాన్పించి పడుకోబెట్టండి. ఆ పూట పక్కింటి వాళ్ళు బదులు పనికి రానీ. వాళ్ళ గూడు విడిపించే రోజు మనం పోదాం. నాట్లకూ కోతలకూ బదులు పని చేసుకున్న ఊళ్ళు మనవి, ఇది కొత్త అలవాటేమీ కాదు. మార్కెట్లో తూకం అయ్యాక రెండు గంటలు నీడలో బండి ఆపి పడుకుని బయలుదేరితే ఏ పంటా చెడిపోదు. ఇంట్లో ఆడవాళ్ళు కూడా “ఎంతసేపు? ఇంకా రాలేదా?” అని ఫోన్ మీద ఫోన్ చేయకుండా, “పడుకుని రా” అని చెప్పాలి.

గూళ్ళ సంచుల మీద మనుషులను కూర్చోబెట్టడం మానుకుందాం. సరుకు యజమాని క్యాబిన్లో కూర్చుంటే బీమా కింద హక్కు ఉంది. తొట్టిలో కూర్చున్న వాళ్ళకు ఏమైనా అయితే పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాలి.

ఈ బండికి పొలం దారే జబ్బు

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండ్లు బీఎస్-6 బండ్లు. వీటిలో చాలావాటికి సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్ ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఒకే వేగంతో, వేడిగా నడవాలి. తోట నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి తోటకు మొదటి రెండు గేర్లలోనే కొమ్మలు మోస్తూ తిరిగితే మసి కాలదు, ఫిల్టరు పూడుకుపోతుంది. అంటే ఈ బండికి హైవే మందు, పొలం దారి జబ్బు. పాత బండికి చెప్పే మాటలు దీనికి పనికిరావు. డ్యాష్ బోర్డులో ఫిల్టరు దీపం వెలిగితే బుక్కులో చెప్పినట్టు హైవే మీద కొంత దూరం తోలండి, మధ్యలో ఆపేయకండి. మసి కాలే సమయంలో సైలెన్సరు చాలా వేడిగా ఉంటుంది. ఎండు మల్బరీ కొమ్మల మీద, గడ్డి మీద నిలపకండి. షెడ్డు కిటికీ దగ్గర ఇంజను ఆన్ చేసి పెట్టకండి, పురుగుకు పొగ పడదు.

కొన్ని బండ్లకు డెఫ్ అనే యూరియా ద్రవం వేరే ట్యాంకులో పోయాలి. అది శుద్ధమైన నీళ్ళలో 32.5 శాతం యూరియా కలిపి తయారుచేసినది. ఇంట్లో యూరియా మూట ఉంది కదా, నీళ్ళలో కలిపి పోద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మన ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. అది లోపలి యంత్రాన్ని పాడుచేస్తుంది, బాగుచేయించే ఖర్చు ఒక పంటను మింగుతుంది.

సరిహద్దు దాటే అన్నలకు ఇంకొక మాట. బండి, సరుకు కలిపి అనుమతించిన మొత్తం బరువు 3,000 కేజీలు దాటకపోతే పర్మిట్ అక్కరలేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ చెబుతుంది. దాటితే కావాలి. పికప్పులు ఈ గీతకు అటూ ఇటూ రెండు రకాలూ ఉన్నాయి. కొనేముందే ఆర్‌సీలో ఏ అంకె వస్తుందో అడగండి.

తొట్టి కడగనిదే పంట అయినట్టు కాదు

కంతు ప్రతి నెలా కట్టాలి. గూడు డబ్బు ఐదారు పంటలకే వస్తుంది. అందుకని మధ్యలో బాడుగకు తోలుతాం, తప్పు లేదు. కానీ టమాటా పెట్టెలు, పురుగుమందు డబ్బాలు, పొగాకు మోసిన తొట్టిలోనే మరుసటి వారం చాకీ పురుగులను తెస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మందు వాసన తగిలితే చాలు, పురుగు తలెత్తి కక్కుతుంది.

మార్కెట్ నుంచి కూడా జబ్బు బండెక్కి వస్తుంది. ఊజీ ఈగ మన ప్రాంతంలో మొదటి నుంచీ ఉన్నది కాదు. 1980లో బెంగాల్ నుంచి వచ్చిన గూళ్ళతో పాటు కర్ణాటకలో అడుగుపెట్టింది. ఒక రవాణా తెచ్చిన తెగులుతో ఇప్పటికీ వేగుతున్నాం. అందుకని మార్కెట్ నుంచి వచ్చిన బండిని షెడ్డు దగ్గరికి తేవద్దు. ఊరి బయటే చెత్త, రాలిన గూళ్ళు, పురుగులు ఊడ్చి కాల్చేయండి. 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళతో కడిగి, కాసేపు ఆగి మంచినీళ్ళు కొట్టండి. లేదంటే బ్లీచింగుకు తొట్టి తుప్పు పడుతుంది.

ఇవన్నీ ఒక్క ఇల్లు చేసుకోగలిగినవి కావు. అందుకే వచ్చే చాకీకి ముందు ప్రతి ఊళ్ళోనూ బండి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి కూర్చోండి. ఎవరి గూడు ఏ రోజు, ఏ బండిలో, ఎవరు తోలాలి, ఆ రోజు వాళ్ళ పని ఎవరు చేయాలి, కేజీకి ఎంత ఇచ్చుకోవాలి అని రాసుకోండి. షెడ్డు గోడ మీద మేత వేళలు రాసుకుంటాం కదా, దాని కిందే తోలే మనిషి నిద్ర వేళ కూడా రాయండి. గూడు ఈ పంటలో పోతే వచ్చే పంటలో వస్తుంది. మనిషి పోతే రాడు.