జాబితాలో లేని గడి

ఏడాది చివర్లో కువైట్ తెలుగువాళ్లు వాట్సాప్‌లో పెట్టే ‘ఈ ఏడాది చదివినవి’ జాబితాల్లో పుస్తకం పేరు, రచయిత, మార్కులు ఉంటాయి. అది చేతికెలా వచ్చిందో మాత్రం ఉండదు. నాకు కావలసింది ఆ ఒక్క గడే. ఇక్కడ మన చదువును నడిపేది అభిరుచి కంటే అందుబాటు. 2014 నుంచి 4 వేలకు పైగా పుస్తకాలను నిషేధించినట్టు 2018లో సమాచార శాఖే ఒప్పుకుంది. మార్క్వెజ్ ‘వందేళ్ల ఏకాంతం’ కూడా వాటిలో ఉంది. 2020లో పార్లమెంటు ముందస్తు అనుమతి నిబంధనను ఎత్తేసినా తెలుగు పుస్తకం దారి మారలేదు. నవంబరులో మిష్రిఫ్‌లో జరిగే పుస్తక ప్రదర్శన ప్రధానంగా అరబ్బీది. మనకు దిక్కు రాయచోటి నుంచో రాజోలు నుంచో వచ్చేవాళ్ల పెట్టె. ఆవకాయ, కారప్పొడి, మందులు సర్దాక మిగిలిన సందులో సన్నటి కథల సంపుటి పడుతుంది. ఆరొందల పేజీల నవల తూకం దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో అన్నీ దొరుకుతాయిగా అంటారు. ఉచితంగా దొరికేవి చాలావరకు స్కాన్ చేసిన పాతవి. అందుకే ఇక్కడి జాబితాలో చలం ఉంటాడు, నిరుడు అచ్చయిన రచయిత్రి ఉండదు. అది చూసి గల్ఫ్ వాళ్లది పాత రుచి అనేయడం తొందరపాటు (కొందరు విమర్శకులకు ఆ తొందర కాస్త ఎక్కువే). ‘ఎవరు తెచ్చారు’ అన్న గడి కూడా నింపితే, సెలవుకి ఊరెళ్లేవాళ్లకి ఈసారి ఏం చెప్పి పంపాలో తేలుతుంది.