కార్మిక కోడ్‌లు రైతుకు పట్టనివా?

2020 సెప్టెంబరులో ఒకే వారంలో పార్లమెంటు రెండు దెబ్బలు కొట్టింది. మూడు వ్యవసాయ చట్టాలు రైతు మీద, మూడు కార్మిక కోడ్‌లు కూలీ మీద. వ్యవసాయ చట్టాలను ఏడాదికి పైగా పోరాడి 2021లో వెనక్కి పంపించాం. కార్మిక కోడ్‌లు మాత్రం ఐదేళ్లు పక్కన ఉండి, 2019 నాటి వేతనాల కోడ్‌తో కలిసి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాల స్థానంలో ఇప్పుడు నాలుగు కోడ్‌లున్నాయి.

"అవి ఫ్యాక్టరీల సంగతులు, మనకెందుకు" అని కొందరు రైతులు అంటున్నారు. నల్లగొండ, పాలమూరులో ఆ మాట చెల్లదు. రెండెకరాల మెట్ట చేను ఇంటిల్లిపాదినీ సాకదు. ఒక కొడుకు పత్తి చేనులో ఉంటే, ఇంకో కొడుకు చౌటుప్పల్ మందుల కంపెనీలోనో, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోనో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాడు. పోలేపల్లిలోనైతే భూములు పోయిన రైతు కుటుంబాలే కూలి పనికి మళ్లాయి. రైతు, కార్మికుడు ఒకే ఇంట్లో ఉన్నారు.

ఈ కోడ్‌ల కిటుకు అంకెల్లో ఉంది. కరెంటుతో నడిచే మిల్లులో 10 మంది ఉంటే పాత చట్టంలో అది ఫ్యాక్టరీ. ఇప్పుడు 20 మంది ఉండాలి. పదిహేను మంది హమాలీలతో నడిచే రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు ఆ లెక్కలోకి రావు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మందికి వర్తించేది, ఇప్పుడు 50 మందికి. 100 మంది ఉన్న ఫ్యాక్టరీ మూతకు, తొలగింపులకు ప్రభుత్వ అనుమతి కావాల్సి ఉండేది. ఇప్పుడు 300 లోపైతే అక్కర్లేదు. సమ్మెకు మాత్రం అన్ని పరిశ్రమల్లోనూ 14 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి.

వలస కూలీకి ఇంకా నష్టం. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని దేశమంతా డ్యాములు, కాలువలు కట్టింది పాలమూరు లేబరే. అలాంటివాళ్ల కోసం వచ్చిన 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉన్నా వర్తించేది. ఇప్పుడు 10 మంది కావాలి. ఊరు విడిచి వెళ్లినందుకు ఇవ్వాల్సిన స్థానభ్రంశ భృతిని కోడ్‌లో తీసేశారు.

మంచి లేదని అనడం లేదు. అందరికీ నియామక పత్రం, నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ రాసి ఉన్నాయి. కానీ ఇన్‌స్పెక్టర్‌ను 'సహాయకుడి'గా మార్చాక, రాసింది అమలయ్యేట్టు చూసేదెవరు?

రాష్ట్రం కూడా తక్కువేం కాదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బతుకుదెరువుకు వచ్చిన ఇతర రాష్ట్రాల కూలీలు. ఆ తర్వాత ఐదు రోజులకే, జూలై 5న, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిస్తూ జీవో వచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇస్తారట. అలసిపోయిన మనిషితో ఇంకా పని చేయించడానికి ఓవర్‌టైమ్ ఒక సమాధానమా?

మనమూ కూలీలను పెట్టుకునేవాళ్లమే. నాట్లకు బీహార్, బెంగాల్ ముఠాలు మన మడుల్లో దిగుతున్నాయి. కూలి రేట్లు పెరిగాయన్న బాధ నిజమే. అయితే పంటకు గిట్టుబాటు ధర ఇవ్వనివాళ్లను వదిలేసి, కలుపు తీసే ఆడమనిషి కూలి మీద పడితే మన అప్పు తీరదు. సమగ్ర ఉత్పత్తి ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర ఇస్తే, మనమే నిండుగా కూలి ఇవ్వగలం.

అందుకే మన సంఘం మూడు కోరుతోంది. కేంద్రం ఈ కోడ్‌లను రద్దు చేయాలి. రాష్ట్రం 10 గంటల జీవోను వెనక్కి తీసుకోవాలి. ఊరు విడిచిపోయే ప్రతి కూలీ పేరూ, తీసుకుపోయే మేస్త్రీ పేరూ గ్రామ పంచాయతీలో నమోదు కావాలి. మూడోదానికి ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. వచ్చే గ్రామసభలోనే తీర్మానం పెట్టిద్దాం.