మిడిల్ స్కూల్ రేటింగ్ చెప్పని సంగతులు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఇల్లు చూడ్డానికి వెళ్తే, బెడ్‌రూములు ఎన్ని అని అడగడానికి ముందే ఆ వీధికి ఏ స్కూల్ వస్తుంది, దాని రేటింగ్ ఎంత అని అడుగుతారు. గ్రేట్‌స్కూల్స్‌లో 9 గానీ 10 గానీ కనిపిస్తే చాలు, మనసు కుదుటపడుతుంది. ఎలిమెంటరీ వరకు ఈ పద్ధతి వల్ల పెద్ద నష్టం లేదు. ఆరో తరగతికి వచ్చేసరికి మాత్రం ఒకే స్కూల్లో, ఒకే బస్సు దిగి వెళ్లే ఇద్దరు పిల్లలు లెక్కల్లో రెండు వేర్వేరు దారులు పడతారు. రేటింగ్ ఆ రెండు దారులనూ కలిపి ఒక అంకె చేస్తుంది. మన పిల్లవాడు ఎటు వెళ్తాడో ఆ అంకెలో ఉండదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉంది, అబ్బాయి వచ్చే ఆగస్టులో ఆరుకు వెళ్తాడు. మా అద్దె ఇంటి లీజు జూన్‌తో అయిపోతుంది. తర్వాతి ఇల్లు ఏ స్కూల్ పరిధిలో చూసుకోవాలో తేల్చడానికి మూడు పబ్లిక్ మిడిల్ స్కూళ్ల వివరాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: లెక్కల్లో పిల్లల్ని ఏ ప్రాతిపదికన ఏ క్లాసులో వేస్తారు, తర్వాత మార్చుకునే వీలుందా అన్నది ముందు తెలుసుకోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు మార్కుల సంగతి. టెక్సాస్‌లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఏటా స్టార్ పరీక్ష ఉంటుంది. ఫలితాలను నాలుగు స్థాయుల్లో ఇస్తారు. కిందినుంచి రెండోదైన అప్రోచెస్ వస్తే పాసైనట్టే, అన్నిటికన్నా పైది మాస్టర్స్. పాసైన వారి శాతం చూస్తే పేరున్న స్కూళ్లన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా మీట్స్, మాస్టర్స్ శాతాల దగ్గర బయటపడుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అడ్వాన్స్‌డ్ క్లాసులో ఉన్న ఏడో తరగతి పిల్లలు చాలా డిస్ట్రిక్టుల్లో ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష రాస్తారు. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదివేవాళ్లు ఆల్జీబ్రా పరీక్ష రాస్తారు. అంటే ఏడో తరగతి లెక్కల పరీక్షకు మిగిలేది ఎక్కువగా రెగ్యులర్ క్లాసు పిల్లలే. ఆ శాతం తక్కువగా ఉందని స్కూల్‌ను తీసిపారేస్తే, అడ్వాన్స్‌డ్ క్లాసులోకి ఎక్కువమందిని తీసుకున్నందుకు దాన్ని శిక్షించినట్టే. అందుకే ఎనిమిదో తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు, వారిలో ఎంతమంది ఆల్జీబ్రా పరీక్ష రాశారు అన్నది చూడండి. స్కూల్ గురించి ఈ ఒక్క నిష్పత్తి చెప్పినంత రేటింగ్ చెప్పదు.

ఆల్జీబ్రాకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, తర్వాతి మెట్లన్నీ దానిమీదే ఉన్నాయి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 పూర్తయితే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏపీ కాల్క్యులస్ వరుసగా వస్తాయి. తొమ్మిదిలో మొదలుపెడితే హైస్కూల్ ప్రీకాల్క్యులస్‌తోనే ముగుస్తుంది. లేదంటే మధ్యలో ఒక ఏడాది రెండు లెక్కల కోర్సులు చదవాలి. ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఈ తేడా పదకొండేళ్ల వయసులోనే మొదలవుతుంది.

టెక్సాస్‌లో 2023లో ఎస్‌బీ 2124 అనే చట్టం చేశారు. ఐదో తరగతి లెక్కల పరీక్షలో పై 40 శాతంలో ఉన్నవాళ్లను ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసులో స్కూలే చేర్చాలి. వద్దనుకునే తల్లిదండ్రులు పిల్లల్ని అందులోంచి తప్పించవచ్చు. అంతకుముందు చాలాచోట్ల టీచర్ సిఫారసు మీదో, అడిగిన తల్లిదండ్రుల చొరవ మీదో ఇది నడిచేది. అడగడం తెలిసిన ఇంటి పిల్లలకు సీటు దొరికేది. ఇది మంచి చట్టమని నేను నమ్ముతాను. శాన్‌ఫ్రాన్సిస్కో దీనికి ఎదురుదారి పట్టింది. సమానత్వం పేరుతో అక్కడి డిస్ట్రిక్టు 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తీసేసింది. పదేళ్ల తర్వాత, 2024లో, మళ్లీ తేవాలని నిర్ణయించింది. మెట్టు తీసేస్తే బయట ట్యూషన్ కొనగలిగినవాళ్లు ఎలాగూ ఎక్కుతారు, కొనలేనివాళ్లే కింద ఉండిపోతారు.

ఈ చట్టం ఉన్నా మనవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. హైదరాబాద్ నుంచో, న్యూజెర్సీ నుంచో ఉద్యోగం మారి వేసవిలో ఇక్కడికొచ్చిన కుటుంబాల పిల్లలకు ఐదో తరగతి స్టార్ మార్కు ఉండదు. పేరు ఏ జాబితాలోనూ లేని పిల్లవాడు అడిగేవాళ్లు లేకపోతే రెగ్యులర్ క్లాసులోనే కూర్చుంటాడు. డిస్ట్రిక్టు సొంత పరీక్షతోనో, ఇతర కొలమానంతోనో అర్హత చూపించే వీలు ఆ చట్టంలోనే ఉంది. అడ్మిషన్ రోజే పాత స్కూల్ మార్కులు పట్టుకెళ్లి కౌన్సిలర్‌ను అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఇక మనలో రెండో రకం ఉన్నారు. వాళ్లకు ఎనిమిదిలో ఆల్జీబ్రా కూడా ఆలస్యమే. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్లు పెట్టే ఊళ్లనుంచి వచ్చాం కాబట్టి ఆ తొందర నాకు అర్థమవుతుంది. ఇక్కడ క్రెడిట్ బై ఎగ్జామ్ అనే సదుపాయం ఉంది. క్లాసులో కూర్చోకుండానే పరీక్ష రాసి 80 శాతం తెచ్చుకుంటే ఆ కోర్సు పూర్తయినట్టే. వేసవి సెలవుల్లో ఆరువారాలు రుబ్బించి ఏడాది లెక్కలు దాటించేస్తున్నారు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు అది సరే. మిగతావాళ్లకు భిన్నాలు, నిష్పత్తుల దగ్గరే పునాది వదులవుతుంది. చురుకైన పిల్లలకు ఎక్కువ పని కావాలంటే మ్యాథ్‌కౌంట్స్ ఉంది, 40 నిమిషాల్లో 25 ప్రశ్నలుండే ఏఎంసీ 8 ఉంది. తరగతి దాటించకుండానే అవి లోతు పెంచుతాయి.

ఈ తొందరకు ఇంకో మూల్యం కూడా ఉంది. టెక్సాస్‌లో నో పాస్, నో ప్లే నిబంధన ఉంది. ఏ సబ్జెక్టులోనైనా గ్రేడు 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకు, ప్రదర్శనలకు దూరం. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు డిస్ట్రిక్టు మినహాయింపు ఇవ్వవచ్చు, అన్నిటికీ ఇవ్వదు. మోయలేని లెక్కల క్లాసులో పిల్లను వేస్తే బ్యాండ్ పోటీ రోజున ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు.

బ్యాండ్ అంటే మనలో చాలామందికి చిన్నచూపు. మా అమ్మాయి ఆరులో క్లారినెట్ పట్టుకుంది. ఊరునుంచి వచ్చిన మా అమ్మ ఆ చప్పుడు విని చెవులు మూసుకునేది. మూడేళ్లలో మా అమ్మాయికి స్నేహితులు దొరికింది ఆ గదిలోనే. బ్యాండ్, ఆర్కెస్ట్రా మామూలుగా ఆరులోనే మొదలవుతాయి. ఏడులో చేరదామంటే మిగతావాళ్లు ఏడాది ముందుంటారు. స్కూళ్ల మధ్య జరిగే ఆటల పోటీలు ఏడు, ఎనిమిది తరగతులకు. కాబట్టి క్లబ్బుల జాబితా ఎంత పొడవుందో చూసి మురిసిపోవద్దు. సైన్స్ ఒలింపియాడ్ జట్టులో ఎంతమందిని తీసుకుంటారు, సాయంత్రం ఆలస్యమైతే బస్సు ఉందా, లెక్కలకు రెండు పీరియడ్లు తీసుకునే స్కూల్లో ఎలక్టివ్‌కు చోటు మిగులుతుందా అని అడగండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఆ బస్సు లేకపోతే ఆ క్లబ్బు కూడా లేనట్టే.

చివరగా ఇంటి సంగతి. ఇర్వింగ్ చిరునామా ఉన్నంతమాత్రాన ఇర్వింగ్ డిస్ట్రిక్టు కాదు. ఊళ్లో కొంతభాగం కొపెల్‌కు, కొంత కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌కు వెళ్తుంది. మన పిల్లలు కిక్కిరిసి ఉంటారనుకునే ప్రాంతాల్లోనూ స్కూళ్లు మూతపడుతున్నాయి. 2024లో ప్లేనో బోర్డు రెండు మిడిల్ స్కూళ్లతో సహా నాలుగింటిని, ఫ్రిస్కో బోర్డు స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేయాలని తీర్మానించాయి. పరిధుల గీతలు రేపు మారవచ్చు, ఇంటి అప్పు మాత్రం ముప్పై ఏళ్లు ఉంటుంది. పక్క స్కూల్ కన్నా ఒక్క పాయింటు ఎక్కువుందని స్తోమతకు మించి ఇల్లు కొనడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

కోర్సుల ఎంపిక చాలాచోట్ల జనవరి, ఫిబ్రవరిలలోనే జరుగుతుంది. ఆలోపు ఒకసారి కౌన్సిలర్‌ను కలవండి. రెగ్యులర్‌లో చేరిన పిల్లవాడు ఏడులో అడ్వాన్స్‌డ్‌కు మారాలంటే ఏం చేయాలి, అడ్వాన్స్‌డ్‌లో తడబడుతున్న పిల్లకు ఏ సాయం ఉంటుంది, ఎప్పటిలోగా వెనక్కి మారవచ్చు అని అడగండి. ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు చెప్పే స్కూల్ రేటింగ్ 7 అయినా సరే, మా అబ్బాయిని నేను అక్కడే చేరుస్తాను.